కాలువ తవ్వించిన క్లౌ దొర

ఒంగోలు: బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల భాగాన్ని గుత్తకు తీసుకుని తవ్వించినది ఒక క్రైస్తవ మిషనరీ అన్న సంగతి నేటి తరంలో చాలామందికి తెలియకపోవచ్చు. ఆయనే జాన్ ఎవరెట్ క్లౌ.

1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించిన క్లౌ, యౌవనంలో మిన్నెసోటా ప్రాంతంలో ప్రభుత్వ భూసర్వే బృందంతో పనిచేశారు. న్యాయవాది కావాలన్న తలంపుతో కళాశాలలో చేరినా, 1858లో బాప్తిస్మం పొందిన పిమ్మట ఆ మార్గం విడిచిపెట్టారు. 1866లో ఒంగోలులో స్థిరపడ్డారు. మరుసటి ఏడాది జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది.

తొలినాళ్లలో ఆ మతాన్ని స్వీకరించినవారిలో తాళ్లకొండపాడుకు చెందిన తోళ్ల పనివారు యర్రగుంట్ల పేరయ్య ముఖ్యులు. ఆయన వెంట వచ్చినవారిలో అత్యధికులు మాదిగలు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు అన్న మూడు నియమాలు వారికి ఏర్పడ్డాయి. వినడానికి ఇవి తేలికగా తోచినా, ఊరి వెట్టితోనూ జాతరల డప్పుతోనూ ముడిపడిన బతుకులకు ఇవి కూటికి సంబంధించిన ప్రశ్నలే. పిలిచిన రోజున పనికి రానివారిపై, డప్పు పట్టనివారిపై గ్రామ పెద్దలు ఆగ్రహించారు. విశ్వాసానికి మూల్యం చెల్లించినవారు బోధకుల కంటే ముందుగా ఈ కూలీలే.

1876-78 నాటి దారుణ కరవులో కాలువ పని సహాయ కార్యక్రమంగా చేపట్టారు. ఇతరుల అజమాయిషీలో తమ వారు అవమానాల పాలు కాకుండా క్లౌ స్వయంగా గుత్త తీసుకున్నారు. ఏనాడో నేర్చిన సర్వే విద్య అప్పుడు అక్కరకు వచ్చింది. బోధకులే మేస్త్రీలయ్యారు. పగలు మట్టి పని, విరామంలో ప్రార్థన, సాయంత్రం కూలి.

వేలమంది బాప్తిస్మం కోరినా ఆయన అంగీకరించలేదు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదన్నది ఆయన పట్టుదల. ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. సహాయ నిధులు ముగిసిన తరువాతే 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఇద్దరిద్దరు చొప్పున బోధకులు వంతులవారీగా నీటిలో నిలిచి ఆ కార్యం నిర్వహించారు. అంతటి సంఖ్యపై సందేహాలు వెలిబుచ్చినవారు లేకపోలేదు. జాప్యమే వారికి ఆయన ఇచ్చిన సమాధానం.

క్లౌ 1910లో అమెరికాలో మరణించారు. తన అనుభవాలతో చెప్పిన గ్రంథం 1914లో న్యూయార్క్‌లో వెలువడింది. ఒంగోలులో ఆయన పేరిట ఆసుపత్రి వెలిసింది.