సరిహద్దు సుంకం – హజ్రత్ ఉమర్ (రజి)

మన కుప్పం నుంచి ఒకవైపు వెళితే కర్ణాటక, ఇంకోవైపు వెళితే తమిళనాడు. మదనపల్లె టమోటా లారీ ఎక్కితే ఏదో ఒక ఎల్ల దాటవలసిందే. పుంగనూరు వ్యాపారికీ కర్ణాటక ఎంతో దూరం కాదు. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చాక అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు పోయాయి. కాని డీజిలు, మద్యం ఆ లెక్కలోకి రాలేదు. వాటిపై ఏ రాష్ట్రం పన్ను ఆ రాష్ట్రానిదే. అందుకే ఎక్కడ చౌకో అక్కడ లారీ ట్యాంకు నిండుతుంది, ఎక్కడ చౌకో అక్కడి నుంచి సీసాలు దొంగదారిన వస్తాయి. మద్యం మనకు హరామ్. అయినా దాని కీడు మన వీధుల్లోకీ వస్తూనే ఉంది.

ఇరుగుపొరుగు రాజ్యాల సుంకాలకు పొంతన ఎలా అన్న ప్రశ్న దాదాపు పధ్నాలుగు వందల ఏళ్ల క్రితం మదీనాకూ వచ్చింది. దాన్ని తేల్చినవారు రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి).

ఆయనది ఖురైషులలో బనూ అదీ వంశం. చిన్నతనంలో తండ్రి ఖత్తాబ్ ఒంటెలు మేపారు. పెద్దయ్యాక వ్యాపారం చేశారు. మొదట ఇస్లాంకు బద్ధవిరోధి. తర్వాత మహాప్రవక్త (స) వారి అత్యంత సన్నిహితులలో ఒకరయ్యారు. హజ్రత్ అబూబకర్ (రజి) తర్వాత, 634లో ఖిలాఫత్ బాధ్యత ఆయనపై పడింది. పదేళ్లలో ఇరాక్, షామ్, మిస్ర్ దేశాలు ఇస్లామీ పాలన కిందికి వచ్చాయి. వాజ్‌లలో ఆయన రాత్రి గస్తీ గురించి, అతుకుల చొక్కా గురించి మనం ఎన్నోసార్లు విన్నాం. సుంకాల సంగతి మాత్రం అరుదుగా వింటాం. మండీలో కూర్చునే మన సోదరులకు ఇదీ తెలియాలని మా కోరిక.

ముస్లిం వర్తకులు పరాయి రాజ్యానికి సరుకు తీసుకువెళితే అక్కడ పదోవంతు సుంకం పడుతోందని హజ్రత్ అబూమూసా అష్‌అరీ (రజి) ఖలీఫాకు ఉత్తరం రాశారు. వాళ్లు మనవాళ్ల దగ్గర ఎంత తీసుకుంటే వాళ్ల వర్తకుల దగ్గర మనమూ అంతే తీసుకోవాలని ఉమర్ (రజి) నిర్ణయించారు. ఎక్కువా కాదు, తక్కువా కాదు. తమ పాలనలోని జిమ్మీలకు ఇరవయ్యో వంతు. ముస్లింలకు నలభయ్యో వంతు, అంటే నలభై దిర్హమ్‌లకు ఒకటి. అది జకాత్ లెక్కే. 200 దిర్హమ్‌ల లోపు సరుకు ఉన్న చిన్న వ్యాపారిని తాకనే కూడదు.

తిండి విషయంలో ఇంకా జాగ్రత్త పడ్డారు. నబతీ వర్తకులు తెచ్చే పప్పుధాన్యాలపై పదోవంతు తీసుకుంటూ, గోధుమలు, జైతూన్ నూనెపై మాత్రం సగానికి తగ్గించారు. అవి మదీనాకు ఎక్కువగా రావాలన్నదే ఉద్దేశం. సుంకం ఖజానా నింపడానికే కాదు, బజారులో ధర దించడానికీ పనికివస్తుందని వ్యాపారం చేసినవారికి తెలియదా!

తగ్‌లిబ్ తెగకు చెందిన ఒక క్రైస్తవుడి సంగతి మాకు చాలా ఇష్టం. అతను గుర్రంతో సుంకం చావడి దాటుతుంటే, వసూలు అధికారి జియాద్ బిన్ హుదైర్ దాన్ని 20,000 దిర్హమ్‌లుగా విలువ కట్టి 1,000 తీసుకున్నారు. అదే ఏడాది తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ 1,000 అడిగారు. ఆ మనిషి నేరుగా మక్కాలో ఉన్న ఖలీఫా దగ్గరికి వెళ్లి మొరపెట్టుకున్నాడు. ఉమర్ (రజి) ఒక్క ముక్కలో, ఇక నీకు ఆ బాధ లేదన్నట్టు చెప్పి ఊరుకున్నారు. ఇంత చిన్న జవాబుతో ఏమవుతుందిలే అనుకుని, ఇంకో వెయ్యి కట్టడానికి సిద్ధపడే అతను వెనక్కి వచ్చాడు. చూస్తే అతని కంటే ముందే ఖలీఫా ఉత్తరం చావడికి చేరింది. ఒకసారి సుంకం కట్టిన సరుకుపై ఏడాది తిరిగేదాకా మళ్లీ అడగవద్దని అందులో ఆజ్ఞ.

ఆయన మరణానికీ ఒక వసూలు ఫిర్యాదే కారణమైంది. ఫీరోజ్ అనే బానిస తన యజమాని ముగీరా (రజి) రోజూ తీసుకునే సొమ్ము ఎక్కువని మొరపెట్టుకున్నాడు. అతనికి తెలిసిన పనులేమిటో ఉమర్ (రజి) విచారించి, ఆ పనితనానికి అది ఎక్కువ కాదన్నారు. అతను పగ పెంచుకున్నాడు. హిజ్రీ 23, జిల్‌హజ్ నెలలో (644 నవంబరు) ఫజర్ నమాజు చేయిస్తున్న ఖలీఫాను విషం పూసిన బాకుతో పొడిచాడు. గాయంతో పడి ఉండి కూడా ఆయన కుమారుడు అబ్దుల్లా (రజి)ను పిలిచి తన అప్పు లెక్క చూడమన్నారు. సుమారు 86,000 దిర్హమ్‌లు తేలింది. తన కుటుంబం ఆస్తి నుంచి తీర్చాలని, చాలకపోతే బనూ అదీ వారిని, అప్పటికీ చాలకపోతే ఖురైషులను అడగాలని, వారిని దాటి ఇంకెవరినీ అడగవద్దని చెప్పారు.