తేదీ దాటిన పదిహేను రోజులు: బ్రిటన్ రాణి కావాల్సిన షార్లెట్ కథ

1817 అక్టోబర్ 19న లండన్‌కు నైరుతిగా, ఈషర్ ఊరి పక్కనున్న క్లేర్‌మాంట్ భవనంలో ఒక బిడ్డ పుట్టాలి. వైద్యులు కట్టిన లెక్క అది. ఆ రోజు నొప్పులు రాలేదు. మర్నాడూ రాలేదు. వారం గడిచింది, రెండో వారమూ గడిచింది.

ఏ ఇంట్లోనైనా ఇలాంటి రోజులు భారంగానే నడుస్తాయి. కానీ ఈ బిడ్డ కోసం ఎదురుచూస్తున్నది ఒక్క ఇల్లు కాదు. పుట్టేది ఆడో మగో అని లండన్‌లో పందేలు కాశారు. మగపిల్లాడు పుడితే షేర్ల ధరలు ఎంత పెరుగుతాయో, ఆడపిల్ల పుడితే ఎంత పెరుగుతాయో లెక్కలు వేసిన వాళ్లూ ఉన్నారు. కారణం ఒకటే. మూడో జార్జ్ రాజుకు 15 మంది పిల్లలు పుట్టినా, చట్టం గుర్తించిన మనవరాలు ఒక్కతే మిగిలింది. ఆమే యువరాణి షార్లెట్.

ఎవరి మాటా వినని అమ్మాయి

షార్లెట్ 1796 జనవరి 7న లండన్‌లోని కార్ల్‌టన్ హౌస్‌లో పుట్టింది. తండ్రి, తర్వాతి కాలంలో నాలుగో జార్జ్ అయిన వేల్స్ యువరాజు. తల్లి బ్రున్స్‌విక్‌కు చెందిన కారొలైన్. వాళ్లిద్దరికీ పెళ్లినాటి నుంచే పడలేదు. బిడ్డ పుట్టిన కొద్ది కాలానికే విడిపోయారు. షార్లెట్ బాల్యం గవర్నెస్‌ల చేతుల్లో గడిచింది. తల్లిని ఎప్పుడు కలవాలో, ఎంతసేపు కలవాలో తండ్రి నిర్ణయించేవాడు.

1814లో డచ్ రాకుమారుడు విలియమ్‌తో పెళ్లి కుదిర్చారు. జూన్‌లో ఒప్పందంపై సంతకాలూ అయ్యాయి. కొద్ది రోజులకే షార్లెట్ ఆ సంబంధం వద్దంది. దేశం వదిలి ఎక్కడో ఉండటం ఆమెకు ఇష్టం లేదు, తల్లిని అలా వదిలేసి వెళ్లడమూ ఇష్టం లేదు. తండ్రి మండిపడ్డాడు. జూలైలో ఒక సాయంత్రం స్వయంగా వచ్చి, ఆమె దగ్గర పనిచేసేవాళ్లందరినీ తీసేస్తున్నానని, ఇకపై ఆమెను కట్టడిలో ఉంచుతానని చెప్పాడు. పద్దెనిమిదేళ్ల షార్లెట్ వీధిలోకి పరుగెత్తి, అద్దె గుర్రపు బండి ఎక్కి తల్లి ఇంటికి చేరింది. రాత్రంతా పెద్దలు నచ్చజెప్పాక తెల్లవారుజామున తిరిగి వెళ్లింది. వెళ్లక తప్పలేదు. కానీ డచ్ సంబంధం మళ్లీ కుదరలేదు.

చివరికి తనకు నచ్చినవాణ్నే పెళ్లాడింది. సాక్స్-కోబర్గ్ రాకుమారుడు లియోపోల్డ్‌కు వంశం తప్ప పెద్ద ఆస్తి లేదు. 1816 మే 2న పెళ్లయింది. ఇద్దరూ క్లేర్‌మాంట్‌లో కాపురం పెట్టారు. ఆమె జీవితంలో గొడవల్లేని ఏడాదిన్నర అదొక్కటే. గర్భం నిలవకపోవడం అప్పటికే అనుభవమైంది. 1817 ఏప్రిల్ చివర్లో మళ్లీ శుభవార్త బయటకు వచ్చింది.

తన పెళ్లి విషయంలో దేశాన్నే ఎదిరించిన అమ్మాయి, తన కాన్పు విషయంలో మాత్రం వైద్యుల మాట విని నడుచుకుంది.

రక్తం తీసి, తిండి తగ్గించి

ఆ వైద్యుల్లో ముఖ్యుడు సర్ రిచర్డ్ క్రాఫ్ట్. సంపన్న కుటుంబాల కాన్పులకు లండన్‌లో పేరున్నవాడు. బిడ్డ మరీ పెద్దదైతే ప్రసవం కష్టమవుతుందన్నది అప్పటి నమ్మకం. అందుకే ఆగస్టు నుంచి షార్లెట్‌కు తిండి తగ్గించి, అప్పుడప్పుడూ నరం కోసి రక్తం తీశారు. నెలలు నిండుతున్న మనిషికి బలం పెంచాల్సింది పోయి తగ్గించారు. ఇప్పటి కళ్లకు వింతగా కనిపించినా, అప్పుడది క్రాఫ్ట్ ఒక్కడి పిచ్చి కాదు, చెలామణిలో ఉన్న పద్ధతే. దీనిని తప్పుపట్టినవాడు లియోపోల్డ్ వెంట వచ్చిన జర్మన్ వైద్యుడు స్టాక్‌మార్. కానీ అతను చికిత్సలో చెయ్యి పెట్టనన్నాడు. ఏదైనా తేడా వస్తే నింద పరాయిదేశస్థుడైన తన మీదికే వస్తుందని అతనికి తెలుసు.

అక్టోబర్ 19 దాటింది. నొప్పులు తెప్పించే దారి అప్పటికి ఉందా అంటే, ఒక రకంగా ఉంది. 1756లోనే లండన్ వైద్యులు కొందరు కూడి, నెలలు నిండకముందే నొప్పులు తెప్పించడం ధర్మమేనా అని చర్చించి, అవసరమైతే చేయవచ్చని తేల్చారు. ఉమ్మనీటి సంచిని చిదిమితే నొప్పులు మొదలవుతాయి. ఆ సంగతిని పుస్తకంలో రాసిపెట్టిన ప్రసిద్ధ వైద్యుడు థామస్ డెన్మన్ ఎవరో కాదు, క్రాఫ్ట్‌కు స్వయానా మామగారు. అయితే కటి ఎముకలు బాగా ఇరుకైన స్త్రీలకు, బిడ్డ చిన్నగా ఉన్నప్పుడే కాన్పు చేయడానికి మాత్రమే ఆ పద్ధతి. తేదీ దాటిందని చేసేది కాదు. పైగా ఒకసారి సంచి చిదిమితే వెనక్కి తిరగడం ఉండదు. చేతులు కడుక్కోవాలన్న జ్ఞానమే లేని కాలంలో దాని వెంట వచ్చే జ్వరానికి మందు లేదు. సిజేరియన్ అంటే అప్పటి బ్రిటన్‌లో దాదాపు తల్లి చావే. కాబట్టి క్రాఫ్ట్ ఎందుకు ఆగాడని ఈ రోజు తేలిగ్గా నిలదీయలేం.

ఇదే లెక్క ఇప్పటి వైద్యుల ముందు పెడితే వేరుగా చదువుతారు. తేదీ దాటి రెండు వారాలంటే 42 వారాలు నిండినట్టే. మాయ పనితనం తగ్గడం, ఉమ్మనీరు తగ్గడం, బిడ్డ కడుపులోనే చనిపోయే ప్రమాదం పెరగడం ఈ దశలోనే. 41 వారాలు దాటాయని రూఢిగా తెలిస్తే నొప్పులు తెప్పించడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏ ఇబ్బందీ లేకపోతే అంతకుముందు తొందరపడొద్దనీ చెబుతోంది. స్వీడన్‌లో 2,760 మంది గర్భిణులతో జరిగిన ఒక పరిశోధనలో, 42 వారాల దాకా ఆగిన వర్గంలో ఆరుగురు బిడ్డలు చనిపోగా, 41 వారాలకే నొప్పులు తెప్పించిన వర్గంలో ఒక్కరూ చనిపోలేదు. ఆ పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. 2019లో ఫలితాలు వెలువడ్డాయి. నొప్పుల ఇంజెక్షన్ అని మన ఇళ్లలో అనే ఆక్సిటోసిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది 1953లో. ఆ పని చేసిన విన్సెంట్ డు విన్యోకు రెండేళ్లకు నోబెల్ వచ్చింది. ముహూర్తం చూసి కోత పెట్టించుకునేవాళ్లున్న మన దగ్గర కథ ఇప్పుడు తిరగబడింది. తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది.

క్లేర్‌మాంట్‌లో ఇవేవీ లేవు. ఎదురుచూపు ఒక్కటే ఉంది.

యాభై గంటలు

నవంబర్ 3 సాయంత్రం నొప్పులు మొదలయ్యాయి. సింహాసనానికి వారసుడు పుడుతున్నాడంటే సాక్షులుండాలి. ఆ రాత్రే కబురు వెళ్లింది. మంత్రులు, కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ వచ్చి పక్క గదుల్లో కూర్చున్నారు. షార్లెట్‌ను అటూ ఇటూ నడవమన్నాడు క్రాఫ్ట్. తినడానికి మాత్రం ఏమీ పెట్టనివ్వలేదు.

నాలుగో తేదీ అంతా గడిచింది. నొప్పులు వస్తూనే ఉన్నా పని జరగడం లేదు. క్రాఫ్ట్, అతని తోడల్లుడు, రాజవైద్యుడు మాథ్యూ బెయిలీ కలిసి మరో వైద్యుడు జాన్ సిమ్స్‌ను పిలిపించారు. (ఈ సిమ్స్ వృక్షశాస్త్ర పత్రికకు సంపాదకుడు కూడా.) పట్టుకారు వేయాల్సి వస్తే అక్కరకొస్తాడని పిలిచారు. కానీ అతణ్ని షార్లెట్ దగ్గరికి వెళ్లనివ్వలేదు. పక్క గదిలోనే కూర్చోబెట్టారు. తెలియని మనిషిని చూస్తే ఆమె బెదిరిపోతుందని క్రాఫ్ట్ భయం కావచ్చు. ఐదో తేదీ మధ్యాహ్నానికి పచ్చటి స్రావం కనిపించింది. బిడ్డ ఇబ్బందిలో ఉన్నదనడానికి అది గుర్తు. అప్పుడూ పట్టుకారు తీయలేదు. బిడ్డ తల కిందికి దిగాక కూడా ఆరు గంటలు ఆగి చూడాలి, వీలైనంతవరకూ ప్రకృతినే పని చేయనివ్వాలి అన్నది డెన్మన్ నియమం. అల్లుడు మామగారి మాటకన్నా ఎక్కువగానే ఆగాడు.

ఆ రాత్రి 9 గంటలకు మగబిడ్డ పుట్టాడు. తొమ్మిది పౌన్ల బరువు, చూడముచ్చటైన బిడ్డ. ఊపిరి లేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. మాయ సులువుగా పడలేదు, క్రాఫ్ట్ చేత్తో తీశాడు. షార్లెట్ ఆ వార్తను నిబ్బరంగా విన్నది, కాస్త ఆహారం తీసుకుంది. తల్లి క్షేమమనుకుని సాక్షులు ఇళ్లకు బయల్దేరారు. రెండు రోజులుగా భార్యను వదలని లియోపోల్డ్ నిద్రమందు వేసుకుని పడుకున్నాడు.

అర్ధరాత్రి దాటాక ఆమెకు వాంతులు, కడుపునొప్పి మొదలయ్యాయి. ఒళ్లు చల్లబడింది, ఊపిరి అందలేదు, రక్తం ఆగలేదు. ఇన్నాళ్లూ దూరంగా ఉన్న స్టాక్‌మార్‌ను అప్పుడు పిలిచారు. లియోపోల్డ్‌ను లేపడం అతని వల్ల కాలేదు. ఆరో తేదీ తెల్లవారుజామున రెండున్నర ప్రాంతంలో షార్లెట్ చనిపోయింది. ఆమెకు ఇరవై ఒక్క ఏళ్లు.

ఆ తర్వాత

బట్టల దుకాణాల్లో నల్లగుడ్డ అయిపోయింది. రంగు రిబ్బన్లు చేసేవాళ్లు సంతాపదినాలు తగ్గించమని ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు. క్రాఫ్ట్‌ను రాజకుటుంబం తప్పుపట్టలేదు. కానీ జనం ఊరుకోలేదు, అతని మనసూ ఊరుకోలేదు. 1818 ఫిబ్రవరి 13న, మరో గర్భిణి కష్టమైన కాన్పు కోసం వెళ్లిన ఇంట్లోనే తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. 1951లో సర్ ఎర్డ్‌లీ హాలండ్ అనే ప్రసూతి వైద్యుడు పాత కాగితాలన్నీ తిరగేసి ఒక ప్రసంగం చేశాడు. తల్లి, బిడ్డ, వైద్యుడు: మూడు చావుల ప్రసూతి విషాదమని దానికి పేరు పెట్టాడు.

సింహాసనానికి తర్వాతి తరం లేకుండా పోయింది. మూడో జార్జ్ కొడుకులు నడివయసులో హడావుడిగా పెళ్లిళ్లకు సిద్ధమయ్యారు. వాళ్లలో కెంట్ డ్యూక్, లియోపోల్డ్ అక్క విక్టోరియాను చేసుకున్నాడు. 1819 మే 24న వాళ్లకు పుట్టిన కూతురే విక్టోరియా రాణి. షార్లెట్ బతికుంటే ఆమె పుట్టేదే కాదేమో. 1877 నుంచి భారత సామ్రాజ్ఞి అనిపించుకున్న ఆ రాణి ప్రోత్సాహంతోనే 1885లో మన దేశ స్త్రీలకు స్త్రీలే వైద్యం చేసేలా డఫ్రిన్ నిధి మొదలైంది. విశాఖలో ఘోషాసుపత్రిగా జనం పిలిచే ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి ఇప్పటికీ విక్టోరియా పేరే ఉంది.

లియోపోల్డ్ 1831లో బెల్జియం రాజయ్యాడు. మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. 1840లో కూతురు పుడితే షార్లెట్ అని పేరు పెట్టుకున్నాడు. మొదటి షార్లెట్, పాదాల దగ్గర తన బిడ్డతో, విండ్సర్‌లోని సెయింట్ జార్జ్ చాపెల్‌లో ఉంది. జనం చందాలతో కట్టిన స్మారకంలో ఒక దేవదూత ఆ బిడ్డను ఎత్తుకుని కనిపిస్తుంది.