సర్ జార్జి స్టేపుల్డన్

పొలమున గింజలు విత్తి పండించు రైతు సైతము, గడ్డి తనంతట మొలచునని తలంచును. గడ్డియు మేలురకముగా పెంచదగిన పంటయే యని చూపినవారిలో జార్జి స్టేపుల్డన్ ముఖ్యుడు.

ఈయన 1882లో ఇంగ్లండునందలి డెవన్ మండలమున, నార్తామ్ గ్రామమున జన్మించెను. కేంబ్రిడ్జిలో చదివి, 1912లో వేల్సునందలి అబెరిస్ట్విత్ కళాశాలకు వ్యవసాయ వృక్షశాస్త్ర సలహాదారుగా వచ్చెను. ఆ కొండసీమలో ఏ నేలను ఏ గడ్డి మొలచుచున్నదో పరిశీలించెను.

రైతులు అంగడిలో కొను రై గడ్డి త్వరగా వెన్ను తీసి, ఆకు తగ్గి, కొలది ఏండ్లకే నశించుచుండెను. కారణమేమి? విత్తనమమ్ము వర్తకునకు గింజ కావలెను. పశువునకు కావలసినది ఆకు. ఏటేట గింజకొరకే కోయుటచే, గింజ హెచ్చుగా నిచ్చు మొక్కలే మిగిలెను. తరతరములుగా పశువులు మేసిన పాత బీళ్లలో మాత్రము, ఎంత మేసినను మరల చిగిర్చు గుబురు మొక్కలు నిలిచియుండెను. స్టేపుల్డన్ వానినే తన పనికి మూలముగా గైకొనెను.

1919లో సర్ లారెన్సు ఫిలిప్స్ విరాళముతో అబెరిస్ట్విత్ నందు వేల్సు సస్యప్రజనన కేంద్రము వెలసెను. స్టేపుల్డన్ దానికి తొలి సంచాలకుడయ్యెను. పని సులభము కాదు. గోధుమ పూవు సామాన్యముగా తన పుప్పొడితోనే ఫలించును. రై గడ్డి పుప్పొడిని గాలి ఎచటికైనను కొనిపోవును. కావున ఎంచిన మొక్కలకు పరపుప్పొడి సోకకుండ కాపాడి, వానిలో వానికే సంకరము చేసి, సంతతిని పరీక్షింపవలెను. అంతటితో తీరదు, గొఱ్ఱెలను తోలి మేపి చూడవలెను. మేతకు నిలువని గడ్డి ఎంత పచ్చగా నున్ననేమి? టి. జె. జెంకిన్ మున్నగు సహచరుల ఓర్పుచే ఎస్-23 అను రై గడ్డి, ఎస్-100 అను తెల్ల క్లోవరు వెలువడెను. క్లోవరు మన జనుము, పిల్లిపెసరలవలె వేరుబొడిపెలలో నత్రజనిని నిలుపు మొక్క. ప్రక్కనున్న గడ్డికిని ఆ బలము చేరును.

1939లో యుద్ధము వచ్చెను. బ్రిటను ఆహారములో పెద్దభాగము ఓడలపై రావలసినదే. ఆ ఓడలను శత్రువుల జలాంతర్గాములు ముంచుచుండెను. పచ్చికను దున్నినవారికి ఎకరమునకు 2 పౌనుల చొప్పున ప్రభుత్వము సాయము చేసెను. అయినను తాతలనాటి పచ్చికపై నాగలి పెట్టుటకు పలువురు జంకిరి. దున్ని ధాన్యము పండించి, పిదప మేలుగడ్డి విత్తి, కొన్ని ఏండ్లకు మరల దున్నుడని స్టేపుల్డన్ ఎంతోకాలముగా చెప్పుచుండెను. ఆ మాట అప్పుడు దేశమునకు అక్కఱకు వచ్చెను. అయితే ఆ దున్నకమున, పూలమొక్కలు నిండిన పాత పచ్చికలు పెక్కు నశించిన మాటయు నిజమే.

1939లోనే ఆయనకు సర్ బిరుదమును, రాయల్ సొసైటీ సభ్యత్వమును లభించెను. 1942లో అబెరిస్ట్విత్ విడిచెను. కడపటి ఏండ్లలో చెవుడు ఆయనను మిక్కిలి బాధించెను. 1960లో బాత్ నగరమున మరణించెను. ఆయన నెలకొల్పిన పని 2008లో అబెరిస్ట్విత్ విశ్వవిద్యాలయమున కలిసెను. అచట నేటికిని క్రొత్త రై గడ్డిరకములను పెంచుచున్నారు.