తత్త్వవేత్త ఫిఖ్టే

జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో రామెనౌ అనే పల్లె ఉంది. 1762 మే 19న ఆ ఊళ్లో, రిబ్బన్లు నేసి బతికే ఒక పేద కుటుంబంలో యోహాన్ గొట్లీబ్ ఫిఖ్టే జన్మించాడు. అప్పటికి జర్మనీ ఒకే దేశం కాదు. ఎన్నో చిన్న, పెద్ద రాజ్యాల సముదాయం. ఇంట్లో పెద్దకొడుకైన ఫిఖ్టే తండ్రికి మగ్గం పనిలో సాయపడేవాడు, బాతులను మేపేవాడు. చర్చిలో విన్న ప్రసంగాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పగలడని ఊరందరికీ తెలుసు.

ఒక ఆదివారం మిల్టిట్స్ అనే ప్రభువు ఆ ఊరికి వచ్చాడు. పాస్టరు ప్రసంగం వినాలని ఆయన కోరిక. కాని ఆయన చేరేసరికి ఆరాధన ముగిసిపోయింది. ఊరివాళ్లు బాతుల కాపరిని పిలిపించారు. బాలుడు ఆనాటి ప్రసంగాన్ని ఆయన ఎదుట నిలబడి వినిపించాడు. ఈ కథకు తరువాతివారు కొంత రంగు పూసి ఉండవచ్చు. మిల్టిట్స్ ఆ బాలుణ్ణి చదివించిన మాట మాత్రం నిజం. ఫోర్టాలోని పేరుమోసిన పాఠశాలలో చదివి, 1780లో ఫిఖ్టే యేనా విశ్వవిద్యాలయంలో మతశాస్త్ర విద్యార్థిగా చేరాడు.

పేదింటి పిల్లవాడు మతశాస్త్రమే ఎందుకు చదివాడు? ఆ రోజుల్లో అటువంటివారికి పైచదువుకు ఉన్న రాచబాట పాస్టరు కావడమే. లూథరు అనుయాయులు ప్రతి మనిషీ బైబిలును తానే చదువుకోవాలన్నారు. అందువల్ల చర్చితోపాటు బడీ పెరిగింది. ఆ కాలపు జర్మన్ తత్త్వవేత్తలు పలువురు ఈ నీడలోనే పెరిగారు. గుర్రపు జీనుల పట్టీలు కుట్టేవాని కొడుకైన కాంట్, పైటిజం అనే భక్తి ఉద్యమం వారి బడిలో చదివాడు. హెగెల్, షెల్లింగ్, కవి హోల్డర్లిన్ ట్యూబింగెన్‌లో పాస్టర్లను తయారుచేసే విద్యాలయంలో ఒకే గదిలో ఉన్నారు. వీరిలో ఎవ్వరూ పాస్టరు కాలేదు. బయటి ఆచారంకన్నా అంతరాత్మ ముఖ్యమని నేర్పిన ఆ పెంపకమే, మతాన్ని సైతం బుద్ధితో పరీక్షించే ధైర్యాన్ని వారికి ఇచ్చింది.

మిల్టిట్స్ మరణించిన కొన్నేళ్లకు ఆ కుటుంబం సహాయం ఆగిపోయింది. ఫిఖ్టే పట్టా పొందకుండానే చదువు మానుకొని, సంపన్నుల ఇళ్లలో పిల్లలకు చదువు చెబుతూ ఊరూరా తిరిగాడు. 1790లో ఒక విద్యార్థి కాంట్ గ్రంథాలు బోధించమని అడిగాడు. వాటిని బోధించడానికి తాను చదివాడు. ఆ చదువుతో ఆయన జీవితమే మారిపోయింది. మరుసటి ఏడాది కాంట్‌ను చూడటానికి కోనిగ్స్‌బర్గ్ వెళ్లాడు. కాంట్ పెద్దగా పట్టించుకోలేదు. ఫిఖ్టే నిరాశపడక, దైవప్రకటనను బుద్ధితో పరిశీలిస్తూ కొద్ది వారాల్లో ఒక గ్రంథం వ్రాసి ఆయనకు పంపాడు. తిరుగు ప్రయాణానికి డబ్బులేక అప్పు అడిగితే, కాంట్ అప్పు ఇవ్వలేదు. పుస్తకం అచ్చయ్యే దారి చూపాడు. 1792లో ఆ పుస్తకం రచయిత పేరు లేకుండా వెలువడింది. అది కాంట్ రచనే అని పండితులు పొగిడారు. కర్త ఫిఖ్టే అని కాంట్ పత్రికలో ప్రకటించాడు. అంతవరకు ఎవరూ ఎరుగని పేరు జర్మనీ అంతటా తెలిసింది.

1794లో ఫిఖ్టే యేనాలోనే ఆచార్యుడయినాడు. మనిషి స్వేచ్ఛ గలవాడనీ, కర్తవ్యాచరణలోనే ఆ స్వేచ్ఛ రూపుదాల్చుతుందనీ బోధించాడు. ఆదివారం ఉదయం ఉపన్యాసాలు పెట్టగా, ఆరాధన వేళకు పోటీ పెట్టాడని మతాధికారులు ఫిర్యాదు చేశారు. 1798లో అంతకుమించిన గండం వచ్చింది. విశ్వంలోని ధర్మవ్యవస్థయే దైవమన్న అర్థంలో ఆయన ఒక వ్యాసం ప్రచురించాడు. నాస్తికుడన్న నింద పడింది. సాక్సనీ ప్రభుత్వం ఆ పత్రికను నిషేధించింది. ఫిఖ్టే తగ్గలేదు. తనను మందలిస్తే రాజీనామా చేస్తానని వ్రాశాడు. వైమార్ ప్రభుత్వం ఆ ఉత్తరాన్నే రాజీనామాగా తీసుకొని 1799లో ఆయనను పంపివేసింది. పట్టుదల గలవాడే కాని లౌక్యం తెలిసినవాడు కాదు. అదే ఏడాది కాంట్ కూడా ఫిఖ్టే సిద్ధాంతం తనకు సమ్మతం కాదని ప్రకటించాడు. చర్చి ప్రసంగం అప్పజెప్పి చదువు సంపాదించినవాడు దేవుడు లేడన్నాడనే నిందతో కొలువు పోగొట్టుకొన్నాడు.

బెర్లిన్ ఆయనకు ఆశ్రయమిచ్చింది. 1806లో నెపోలియన్ చేతిలో ప్రష్యా ఓడిపోయింది. ఫ్రెంచి సైన్యం నగరంలో ఉండగానే, 1807-08 చలికాలంలో, జాతి తిరిగి నిలబడటానికి విద్యయే మార్గమని ఫిఖ్టే ఉపన్యసించాడు. జర్మన్ జాతిని ఇతరులకన్నా మిన్నగా చెప్పిన ఆ మాటలను తరువాతి కాలంలో కొందరు చెడుకు వాడుకొన్నారు. 1793లో యూదులకు పౌరహక్కులు కూడదని వ్రాయడం ఆయన కీర్తికి మచ్చ. అయితే 1811లో కొత్త బెర్లిన్ విశ్వవిద్యాలయానికి ఎన్నికైన తొలి రెక్టరుగా, తోటివారు వేధించిన ఒక యూదు విద్యార్థి పక్షాన నిలిచింది కూడా ఆయనే. ఆ వివాదంలో సహచరులు కలిసిరాక 1812లో పదవి వదులుకొన్నాడు.

1813లో మళ్లీ యుద్ధం వచ్చింది. బెర్లిన్ ఆసుపత్రులు గాయపడిన సైనికులతో నిండిపోయాయి. వారికి సేవచేస్తున్న భార్య యోహన్నాకు టైఫస్ జ్వరం సోకింది. ఆమె కోలుకొన్నది, ఆమె నుండి జ్వరం భర్తకు అంటింది. 1814 జనవరిలో, 51 ఏళ్ల వయస్సులో ఫిఖ్టే కన్నుమూశాడు. ఖాళీ అయిన ఆచార్యపీఠానికి 1818లో హెగెల్ వచ్చాడు. 1831లో మరణించిన హెగెల్‌ను, ఆయన కోరిక ప్రకారం, ఫిఖ్టే సమాధి పక్కనే ఖననం చేశారు.