ఎడారి నక్క

రెండు ప్రపంచ సంగ్రామాలలో పోరాడి, శత్రువుల మెప్పును సైతం పొందిన జర్మన్ సేనాని ఎర్విన్ రోమెల్. 1891 నవంబరు 15న హైడెన్‌హైమ్ పట్టణంలో ఒక ఉపాధ్యాయుని ఇంట జన్మించాడు. సేనానాయకత్వంలో ప్రభువంశీయులకే పెద్దపీట వేసే ఆ కాలంలో, బడిపంతులు కొడుకు స్వశక్తితోనే పైకి రావలసి ఉండెను. 1910లో అతడు పదాతిదళంలో చేరాడు.

1917 అక్టోబరులో ఇటలీ సరిహద్దు పర్వతాలలో అతని ప్రతిభ లోకానికి తెలిసింది. కొన్ని వందల మంది సైనికులతో, రెండు దినాలకు పైగా దాదాపు విశ్రాంతి లేకుండా కొండలెక్కి, మతాయూర్ శిఖరాన్ని వశపరచుకొన్నాడు. సుమారు 9,000 మందిని బందీలుగా పట్టుకొన్నాడు. శత్రువు ఎదురుచూచే దారిన పోక, వెనుకనుంచి తాకడం అతని పద్ధతి. ఆ అనుభవాలను 1937లో గ్రంథంగా వెలువరించాడు. దానిని చదివి హిట్లర్ ముగ్ధుడయ్యాడు. ఆ ఆదరమే రోమెల్ ఉన్నతికీ, పతనానికీ హేతువైంది.

1940లో ఫ్రాన్స్‌పై దండెత్తిన ట్యాంకుల దళానికి నాయకుడయ్యాడు. 1941 ఫిబ్రవరిలో లిబియా చేరాడు. ఎడారి యుద్ధంలో అతని ఎత్తుగడలు బ్రిటిష్ సేనలను దిగ్భ్రాంతికి లోనుచేశాయి. 'ఎడారి నక్క' అన్న పేరు అక్కడ వచ్చినదే. 1942 జూన్ 21న తోబ్రుక్ కోట పతనమైనప్పుడు చిక్కిన సుమారు 33,000 మంది బందీలలో మన భారతీయ సైనికులూ ఉన్నారు. అతని రణకౌశలాన్ని కొనియాడేవారు, అది ఎటువంటి క్రూర ప్రభుత్వానికి ఊడిగం చేసిందో మరువరాదు.

ఆ ఏటి శరత్తులోనే ఎల్ అలమైన్ వద్ద అదృష్టం తిరగబడింది. ఇంధనం అడుగంటింది. ఒక్క అడుగు కూడ వెనుకకు వేయరాదని హిట్లర్ ఆజ్ఞాపించాడు. రోమెల్ ఒక దినం తటపటాయించి, పిమ్మట సేనను మరలించాడు. ప్రభువుపై అతని విశ్వాసం సడలినది అప్పుడే.

1944లో నార్మండీ తీరరక్షణ భారం అతనిపై పడింది. జూలై 17న విమానదాడిలో తీవ్రంగా గాయపడ్డాడు. మూడవనాడే హిట్లర్‌పై హత్యాయత్నం జరిగింది. అందులో రోమెల్ పాత్ర ఎంతో చరిత్రకారులు నేటికీ తేల్చలేదు గాని, హిట్లర్‌కు అనుమానమే చాలింది. అక్టోబరు 14న ఇద్దరు సేనాధిపతులు అతని ఇంటికి వచ్చారు. న్యాయస్థానంలో విచారణ, కుటుంబానికి కష్టాలు ఒకవైపు. విషం, రాజలాంఛనాలతో అంత్యక్రియలు మరొకవైపు. భార్యకూ, పదిహేనేండ్ల కుమారుడు మన్‌ఫ్రెడ్‌కూ విషయం చెప్పి, వీడ్కోలు పలికి, కారెక్కాడు. కొద్ది నిమిషాలకే మరణవార్త వచ్చింది.

గాయాలవల్ల మరణించాడని ప్రభుత్వం ప్రకటించింది. ఉల్మ్ నగరంలో ఘనంగా అంత్యక్రియలు జరిగాయి. హిట్లర్ పంపిన పుష్పగుచ్ఛం శవపేటిక చెంత నిలిచింది. నిజం తెలిసిన తల్లీకొడుకులు మౌనంగా నిలబడ్డారు. 1945లో మన్‌ఫ్రెడ్ వాంగ్మూలం ఇచ్చేవరకూ ఆ నిజం లోకానికి తెలియలేదు.