ఆచార్యపీఠం దక్కని యల్లాప్రగడ సుబ్బారావు

కోయంబత్తూరు, మదురై ప్రాంతాలలో నాయకరాజుల కాలం నుండి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఒకప్పుడు నల్లరేగడిలో పత్తి సేద్యమే జీవనాధారం. తరువాత నూలుమిల్లులు వచ్చాయి. నేడు ఆ ఇళ్ళ పిల్లలే భారతియార్, మదురై కామరాజ్ విశ్వవిద్యాలయాలలోను, వాటి అనుబంధ కళాశాలలలోను సహాయ ఆచార్యులుగా పనిచేస్తున్నారు. పండుగకు ఊరికి వచ్చినా వారి ముందు ఉద్యోగోన్నతి దరఖాస్తు తెరచే ఉంటుంది. ప్రచురించిన వ్యాసాలు ఎన్ని, ఒక్కొక్క వ్యాసంలో తమ పేరు ఎన్నవది అని లెక్క చూచుకొంటూ ఉంటారు. ఇంటి పెద్దలకు ఆ లెక్క వింతగా తోస్తుంది. పేరు ముందున్నా వెనుకనున్నా పని చేసినవాడు చేసినవాడే కదా అని వారి భావన. ఆ భావన న్యాయమైనదే. కాని లోకం అలా నడవలేదని తెలుపుతుంది యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితం.

ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. నాడు ఆంధ్ర జిల్లాలూ, మన తమిళ జిల్లాలూ ఒకే మదరాసు రాజధానిలో ఉండేవి. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. సంసారం పెద్దది, రాబడి స్వల్పం. బాల్యంలో సుబ్బారావుకు చదువు మీద ఏమంత శ్రద్ధ ఉండేది కాదు. కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచి బయలుదేరి, దారిలోనే పట్టుబడి తిరిగి వచ్చాడు. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడవసారి మదరాసు తిరువల్లిక్కేణిలోని హిందూ ఉన్నత పాఠశాల నుండి గట్టెక్కాడు. పదవ తరగతి ఫలితాలు వెలువడిన రోజున కళ్ళనీళ్ళతో బడికి వచ్చే తల్లులకు ఈ ఒక్క సంగతి చెబుతూ ఉంటాను.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదివే రోజులలో ఆయన మనసు రామకృష్ణ మిషన్ వైపు మళ్ళింది. సన్యాసం స్వీకరించడానికి తల్లి ఒప్పుకోలేదు. రోగులకు సేవ చేయడమూ ఆ మార్గమే అన్న తలంపుతో మదరాసు వైద్య కళాశాలలో చేరారు. అవి గాంధీగారు విదేశీ వస్తు బహిష్కారానికి పిలుపునిచ్చిన రోజులు. సుబ్బారావుగారు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు గౌను ధరించి వెళ్ళారు. శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. వ్రాతపరీక్షలలో బాగుగానే వ్రాసినా చివరకు చేతికి వచ్చినది ఎం.బి.బి.ఎస్. కాక, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా. ఆ పట్టాతో మదరాసు ప్రభుత్వ వైద్యశాఖలో ప్రవేశం దొరకలేదు. పై అధికారి చేతిలోని ఒక్క కలంపోటు మనిషి దారిని ఎలా మళ్ళిస్తుందో ఆయన మొదటిసారి చవిచూచినది అప్పుడే.

డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్ర అధ్యాపకుడిగా చేరారు. అంతకుముందే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే గ్రహణి వ్యాధితో సోదరులిద్దరు ఎనిమిది రోజుల వ్యవధిలో మరణించారు. తిన్న అన్నం ఒంటపట్టక, నెత్తురు క్షీణించి ప్రాణం తీసే రోగం అది. దానికి నాడు మందు లేదు. ఆ మందు వెదకాలన్న పట్టుదల ఆయనను అమెరికాకు నడిపించింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి వారు సహాయం చేశారు. భార్య శేషగిరిగారిని పుట్టింట విడిచి ఓడ ఎక్కి, 1922 అక్టోబరు 26న బోస్టన్ నగరం చేరారు. కొద్ది సంవత్సరాలలో తిరిగి రావాలన్నది ఒప్పందం. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే కన్నుమూశాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు.

హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరారు. ఫీజుకు, తిండికి డబ్బు చాలేది కాదు. ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పనికి కుదిరారు. వైద్య పట్టా ఉన్న బ్రాహ్మణ యువకుడు చేసిన పని అది. ఆయన దానిని దాచుకొన్నట్లు కాని, దాని గురించి వాపోయినట్లు కాని కనబడదు. డిప్లొమా చేతికి వచ్చిన తరువాత అదే విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాఖలో ప్రవేశించారు. శాఖకు అధిపతి ఆటో ఫోలిన్. సుబ్బారావుగారు పనిచేసినది సైరస్ ఫిస్కే అనే అధ్యాపకుని కింద.

ఇక్కడి నుండి కథ కొంచెం నెమ్మదిగా చెప్పుకోవాలి.

రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉన్నదో కొలవడానికి నమ్మకమైన, త్వరగా పూర్తయ్యే పద్ధతి అప్పటికి లేదు. ఫిస్కే, సుబ్బారావు ఇద్దరూ కలిసి రంగును బట్టి కొలిచే విధానం ఒకటి తీర్చిదిద్దారు. నమూనాకు మాలిబ్డినం లవణాన్ని, తగిన మరొక రసాయనాన్ని కలిపితే ద్రవం నీలిరంగుకు తిరుగుతుంది. భాస్వరం ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కనవుతుంది. 1925లో ఆ వ్యాసం వెలువడింది. జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉదహరింపబడిన వ్యాసాలలో అదొకటి. మొదటి పేరు ఫిస్కేది, రెండవ పేరు సుబ్బారావుగారిది.

ఆ కొలబద్ద చేతిలో పట్టుకొని వారు కండరాలలోనికి చూచారు. కండరం పనిచేయడానికి శక్తి ఎక్కడినుండి వస్తుందన్న ప్రశ్నకు అంతకుముందు హిల్, మేయర్‌హాఫ్ అనే శాస్త్రజ్ఞులు లాక్టిక్ ఆమ్లం ఆధారంగా సమాధానం చెప్పి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి పొంది ఉన్నారు. బోస్టన్‌లోని ఇద్దరికి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే భాస్వర పదార్థం కనబడింది. కండరం శ్రమించినప్పుడు అది తరిగి, విశ్రాంతిలో మరల పేరుకొంటుంది. 1927లో ఈ సంగతి ప్రకటించారు. 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని వేరుచేసినట్లు తెలిపారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే శాస్త్రజ్ఞుడు కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు. నాగలి పట్టే రైతు చేతిలోను, ఊయలలో కాళ్ళాడించే పసిబిడ్డలోను శక్తి చెలామణి అయ్యేది ఈ ఎ.టి.పి. రూపంలోనే. నేటి ఉన్నత పాఠశాల జీవశాస్త్రంలో ఆ మూడు అక్షరాలు లేని పుస్తకం లేదు.

1930లో ఆయనకు పిహెచ్.డి. పట్టా వచ్చింది. ఆ తరువాత పదేళ్ళు కింది స్థాయి బోధకుడిగానే ఉండిపోయారు. శాశ్వతమైన అధ్యాపక పదవి హార్వర్డు ఆయనకు ఇవ్వలేదు.

కారణం ఒక్కటి కాదు. అలాంటి సంస్థలలో పైస్థానాలు బహు కొద్ది. అభ్యర్థి పనిని గురించి పై ఆచార్యులు చెప్పే మాటకే విలువ. ఇద్దరు చేసిన పనిలో మొదటి పేరుగల పెద్దమనిషిని కర్తగాను, రెండవ పేరుగల చిన్నవాణ్ణి చేతిసాయంగాను చూడడం అక్కడా ఆనవాయితీయే. అదే శాఖలో చదివి, తరువాత 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జ్ హిచింగ్స్ ఉన్న సంగతి కొంత బయటపెట్టారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను అనంతరం ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని, ఫిస్కే బహుశా అసూయ వల్ల ఆ ఫలితాలను వెలుగులోకి రానీయలేదని ఆయన అభిప్రాయం. దీనికి తోడు సుబ్బారావుగారు విదేశీయులు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల భారతీయులకు ఆ దేశ పౌరసత్వం పొందే అర్హత పోయింది. 1946 చట్టం వచ్చేవరకు ఆ తలుపు తెరుచుకోలేదు. తన గొప్ప తాను చెప్పుకొనే అలవాటు కూడా ఆయనకు లేదు. మన ఇళ్ళలో దానిని సుగుణమంటాము, సుగుణమే. కాని దరఖాస్తు కాగితంలో ఆ సుగుణానికి గడి ఉండదు.

మన దేశంలో ఈ విషయమై కొంత స్పష్టత తెచ్చినది యూజీసీ. 2018 నిబంధనల పట్టిక ప్రకారం ఒక వ్యాసానికి ఇద్దరే రచయితలైతే ఒక్కొక్కరికి మొత్తం మార్కులలో 70 శాతం దక్కుతుంది. ఇద్దరిని మించితే మొదటి లేక ప్రధాన రచయితకు 70 శాతం, తక్కిన వారికి 30 శాతం చొప్పున. ఈ కొలతతో చూస్తే భాస్వరం వ్యాసంలో గురుశిష్యులిద్దరూ సమానులు. పట్టికలో ఎన్ని లోపాలున్నా, రెండవ పేరుగలవాడు కూడా మనిషేనని ఒప్పుకొన్నది. మన పిల్లలు పేరు ఎన్నవదని లెక్కపెట్టుకోవడంలోని అర్థం ఇదే. పెద్దలు విసుగుకోవలసిన పని లేదు.

1940లో సుబ్బారావుగారు హార్వర్డును విడిచి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ అనే ఔషధ సంస్థలో చేరారు. రెండేళ్ళలో అక్కడి పరిశోధన విభాగానికి సంచాలకులయ్యారు. వయస్సు 47. ఇక మిగిలినది ఆరేళ్ళ జీవితం. ఆయన పేరు లోకానికి ఎంతో కొంత తెలిసిందంటే ఆ ఆరేళ్ళ వల్లనే.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. ఈ కథకు మన కోయంబత్తూరు వైపు నుండి కూడా ఒక పాయ ఉంది. మేట్టుపాళయం నుండి కొండరైలు ఎక్కితే వచ్చే కూనూరులో పాశ్చర్ సంస్థ ఉన్నది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1928 నుండి బొంబాయిలో గర్భిణులైన మిల్లు కార్మిక స్త్రీలకు వచ్చే రక్తహీనతను పరిశీలిస్తూ, ఆ పనిలో భాగంగా కూనూరులో ఎలుకల మీద ప్రయోగాలు చేశారు. ఈస్టుసారం తింటే ఆ తల్లులు కోలుకొంటున్నారని ఆమె గమనించారు. అందులోని గుణం ఏ పదార్థానిదో ఎవరికీ అంతుపట్టలేదు. సుబ్బారావుగారి బృందం దానిని కాలేయం నుండి వేరుచేసి, 1945లో ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేయగలిగింది. ఆయన సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధి ఆ మందుకు లొంగింది. వారు పోయి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది.

ఆ ప్రకటనపై పదహారుమంది పేర్లు ఉన్నాయి. సుబ్బారావుగారి పేరు మధ్యలో ఎక్కడో కనబడుతుంది. యూజీసీ పట్టిక ప్రకారం ఆయనకు దక్కేది 30 శాతమే! హార్వర్డులో తనకు జరిగినది తన కింది వారికి జరగరాదని ఆయన తలచారేమో చెప్పలేను. జరగనీయలేదన్నది మాత్రం కాగితం మీద కనబడుతూనే ఉంది.

మన పాఠశాలలలో వారానికొకసారి పిల్లలకు నీలిరంగు ఇనుప మాత్ర ఇస్తున్నాము కదా, అందులో ఇనుముతోబాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. భోజనం తరువాత నీళ్ళతో నా ముందే మింగమంటాను. చేదని ముఖం చిట్లించే ఆడపిల్లలకు భీమవరం మాట చెబితే కొంత ఆసక్తిగా వింటారు. అలాగే 2004 నుండి బోదకాలు నివారణకు ఏటా ఇంటింటికి వచ్చి మింగించిన డి.ఇ.సి. మాత్రలు మన గ్రామాల వారు ఎరుగుదురు. ఆ మందు కూడా 1947లో ఆయన నాయకత్వంలోని ప్రయోగశాల నుండి వచ్చినదే.

ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డగించే పదార్థాలను కూడా లెడర్లీలో తయారుచేశారు. వాటిలో అమినోప్టెరిన్ ఒకటి. బోస్టన్ బాలల ఆసుపత్రిలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్‌తో ఉన్న పిల్లలకు దానిని ఇచ్చి చూచారు. పదహారుమందిలో పదిమందికి వ్యాధి కొంతకాలం వెనుకంజ వేసిందని 1948 జూన్‌లో ప్రకటించారు. క్యాన్సర్‌కు మందులతో చికిత్స చేసే శాస్త్రానికి అది తొలి మెట్లలో ఒకటి. ఫార్బర్ హార్వర్డు వైద్య పాఠశాలకు చెందినవారు. సుబ్బారావుకు చోటు లేదన్న విద్యాలయానికే సుబ్బారావు మందు తిరిగి వెళ్ళింది.

మరొక సంగతి విడువరానిది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుండి వయోపరిమితి వల్ల విశ్రాంతి పొందిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు డెబ్బై ఏళ్ళు దాటిన తరువాత లెడర్లీలో పనికి చేరారు. ఆయన మట్టి నమూనాలు పరీక్షిస్తూ ఆరియోమైసిన్ అనే క్రిమినాశక ఔషధాన్ని కనుగొన్నారు. 1948లో ప్రకటింపబడిన ఆ మందు టెట్రాసైక్లిన్ వర్గానికి మొదటిది. ఆచార్యపదవి అందని వ్యక్తి నడిపిన ప్రయోగశాలలో, పదవి ముగిసిన ఆచార్యునికి రెండవ జీవితం లభించింది.

1948 ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. వయస్సు 53. 1922లో ఓడ ఎక్కిన తరువాత ఆయన భారతదేశం రానే లేదు. శేషగిరిగారు భర్తను మళ్ళీ చూడలేదు. 1953లో ఒక శిలీంధ్ర ప్రజాతికి శాస్త్రజ్ఞులు ఆయన పేరిట సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలాశాఖ స్మారక బిళ్ళ విడుదల చేసింది.

కోయంబత్తూరు, మదురై కళాశాలల జీవరసాయన ప్రయోగశాలలలో విద్యార్థులు భాస్వరం కొలిచే పద్ధతిని ఫిస్కే-సుబ్బరో అని పలుకుతారు. ఆ రెండవ పేరు ఏ దేశపు దొరదో అనుకొనేవారే ఎక్కువ. మీ ఇంటి పిల్లలలో ఎవరైనా ఆ శాస్త్రం చదువుతూ ఉంటే ఒకసారి అడిగి చూడండి.