రత్నవర్తకులు శ్రీమద్ రాజచంద్రులు

సౌరాష్ట్రమున మోర్వీ సంస్థానమునకు చెందిన వవాణియా అను చిన్న రేవు గ్రామమున, 1867వ సంవత్సరము కార్తీక పూర్ణిమ నాడు శ్రీమద్ రాజచంద్రులు జన్మించిరి. తండ్రి రవజీభాయి మెహతా గారిది వైష్ణవ సంప్రదాయము. తల్లి దేవబాయి గారిది జైన సంప్రదాయము. ఇంటివారు పెట్టిన పేరు రాయచంద్. మనలో పెక్కుమంది వారిని 'ఆత్మసిద్ధి' కర్తగా, గాంధీ మహాత్మునికి మార్గము చూపిన జ్ఞానిగా స్మరింతురు. అదియే వ్యక్తి బొంబాయి బజారులో సుమారు పదియేండ్లు ముత్యములు, వజ్రములు కొని అమ్మిన సంగతి మాత్రము వెనుకబడిపోయినది. కొట్టుమీద కూర్చుండు మనవంటివారికి ఆ సంగతియే ముందు కావలెనని నా తలంపు.

వర్తకము వారికి బాల్యము నుండియే పరిచితము. పదుమూడేండ్ల ప్రాయమున తండ్రి అంగడిలో కూర్చుండిరి. ఇరువది రెండవ యేట తన గత జీవితమును సమీక్షించుకొనుచు వ్రాసిన చిన్న వ్యాసములో, ఆ అంగడిలో తాను ఎవరికిని ఎక్కువ తక్కువ ధర చెప్పలేదనియు, తూనికలో తేడా చేయలేదనియు పేర్కొనిరి. ఇరువది రెండేండ్లకే ఒకడు కూర్చుండి తన బ్రతుకునకు తానే లెక్క చూచుకొనుట విశేషమే గదా!

అవధానమన్నచో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. రాజచంద్రులు శతావధాని. 1887లో బొంబాయి ఫ్రాంజీ కావస్జీ ఇన్‌స్టిట్యూట్‌లో నూరు విషయములను ఏకకాలమున మనస్సున నిలిపి సభను ఆశ్చర్యపరచిరి. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ ఛార్లెస్ సార్జెంట్ యూరపునకు వెళ్ళి ఈ విద్యను ప్రదర్శింపుడని ప్రోత్సహించెను. వారు అంగీకరింపలేదు. అంతటితో ఆగక, ఇరువది యేండ్లు నిండునప్పటికి ప్రదర్శనలనే మానివేసిరి. పొగడ్త తన అంతరంగమునకు చేయుచున్న చెరుపును వారు గమనించిరి. సభలోని నూరు ప్రశ్నలపై నిలిపిన ఆ ఎఱుకను పిమ్మట తన మీదికే త్రిప్పుకొనిరి.

1888లో వివాహమైన కొలది కాలమునకే రేవాశంకర్ జగజీవన్‌దాస్ గారితో కలిసి బొంబాయిలో జవాహిరీ వ్యాపారము సాగించిరి. 1891 జులైలో ఇంగ్లండు నుండి దిగిన యువ బారిస్టరు గాంధీ, డాక్టర్ ప్రాణజీవన్ మెహతా గారి యింట వారిని కలిసెను. అటుపిమ్మట కొట్టునకు పోయి చూచినది ఆయన తన ఆత్మకథలో వ్రాసియున్నారు. లక్షల బేరము జరుగుచుండెడిది. పక్కన ఒక ధర్మగ్రంథము, ఒక దినచర్య పుస్తకము ఎల్లప్పుడు ఉండెడివి. బేరము ముగియగనే వాటిలో ఒకటి తెరువబడెడిది. అప్పటికి గాంధీగారు కేసులు లేని వకీలు. ఆయన వలన ఈ వర్తకునకు ఒరుగునది ఏమియు లేదు. అయినను ఆయన వచ్చినప్పుడెల్ల పని నడుమనే మనసిచ్చి మాటలాడెడివారు.

వారికి కోపమే తెలియదన్నట్లు వ్రాసెడి చరిత్రకారులు కొందరు కలరు. నాకు ఆ వ్రాతలు రుచింపవు. ఎదుటివాడు కపటము పన్నిన వారు వెంటనే పసిగట్టెడివారనియు, అది సహింపలేక కనుబొమలు ముడివడి కన్నులలో ఎఱ్ఱదనము తోచెడిదనియు గాంధీగారే వ్రాసినారు. కోపము వచ్చెడిది. వచ్చినదని వారికి తెలిసెడిది. బేరము చేయువాడు అదుపు తప్పునది సామాన్యముగా ఈ రెంటి నడుమనే.

శిష్య పరంపరలో రెండు వృత్తాంతములు చెప్పుకొందురు. ఒక వర్తకుడు నిర్ణీత ధరకు రత్నములు ఇచ్చెదనని కాగితము వ్రాసి ఇచ్చెను. గడువు లోపల ధర విపరీతముగా పెరిగెను. మాట చెల్లించినచో ఆ యిల్లు కూలిపోవును. రాజచంద్రులు తామే అతని కొట్టునకు వెళ్ళిరి. ఆస్తి అమ్మియైన చెల్లింతునని అతడు వణకుచు చెప్పెను. అప్పుడు వారు ఆ కాగితమును తెప్పించి, ఇద్దరి కలతకును మూలము ఇదియేనని చెప్పి చించివేసిరి. అతని కలత సరే. తమకును కలత కలిగినదని వారు ఒప్పుకొనుట గమనింపదగినది. ఒప్పందము లెక్కలేనిదని దీని భావము కాదు. రావలసినది వదలుకొను హక్కు రావలసినవానికే గలదు, వారు దానిని వినియోగించిరి.

రెండవది ఒక అరబ్బు ముత్యాల వర్తకుని తమ్ముని కథ. అన్నకు చెప్పక దళారి వెంట వచ్చి ఒక పొట్లము అమ్మినాడు. ఇంట అన్న మండిపడగా మరల పరుగెత్తుకొని వచ్చెను. సరుకు చేతిలో ఉన్నది, సొమ్ము ముట్టినది, లాభము కన్నులకు కట్టుచున్నది; చట్టప్రకారము తిరిగి ఇయ్యనక్కర లేదు. రాజచంద్రులు ఇచ్చిన సొమ్మే పుచ్చుకొని పొట్లమును అట్లే అప్పగించిరి.

పదునారేండ్లు నిండక మునుపే వారు కూర్చిన 'పుష్పమాల'లో 108 వాక్యములు కలవు. తెల్లవారగనే గడచిన జీవితమును ఒకమారు చూచుకొనుమని చెప్పి, రాజును, శ్రీమంతుని, సేవకుని వేరువేరుగా పిలిచి ఎవరి విధి వారికి జ్ఞప్తి చేయుదురు. యజమానియు పనివాడును ఒకే పుటలో నిలుతురు. పర్యూషణ సమయమున మిత్రులకు, ఆప్తులకు క్షమాపణ లేఖలు వ్రాయుటయు వారికి అలవాటు. ఇది మన యిండ్లలోను గలదు. కాని అచ్చు కార్డులపై పేరు మార్చి పంపుటకును, చేసిన తప్పు తలచుకొని వ్రాయుటకును భేదము కలదు.

ఇంతటి ఎఱుక వారికి సుఖముగా లభింపలేదు. సాయలా నివాసి సౌభాగ్యభాయికి వ్రాసిన లేఖలలో వ్యాపారపు ఉపాధి తన్నెంత నలుపుచున్నదో దాపరికము లేక తెలిపిరి. కొట్టు విడిచి ఏటేట కొన్ని వారములు, నెలలు కావిఠా, రాళజ, ఈడర్ వంటి చోట్ల ఏకాంతమున గడపెడివారు. 1896లో నడియాద్‌లో ఒక్క కూర్చుండిక యందే 'ఆత్మసిద్ధి' 142 పద్యములు వ్రాసిరి. దక్షిణాఫ్రికా నుండి గాంధీగారు 1894లో పంపిన 27 ప్రశ్నలకు సమాధానము వ్రాసినదియు ఈ వ్యాపారపు ఒత్తిడి నడుమనే. 1899 ప్రాంతమున వర్తకము నుండి విరమించిరి. జైన శాస్త్ర గ్రంథముల ప్రచురణకై పరమశ్రుత ప్రభావక మండలమును స్థాపింపజేసిరి. అప్పటికే దేహము క్షీణించినది. 1901 ఏప్రిల్ 9వ తేదీన రాజకోటలో, ముప్పది మూడేండ్ల వయసున కన్నుమూసిరి.

భాగస్వామి రేవాశంకర్‌భాయి చిరకాలము జీవించిరి. బొంబాయి లాబర్నమ్ రోడ్డులోని వారి గృహమగు మణిభవనము 1917 నుండి 1934 వరకు గాంధీగారికి ఆ నగరమున నివాసమైనది.